గొడుగు దాటని రథం

ఒకానొక రాజ్యంలో మనుషుల కంటే చక్రాలకు మర్యాద ఎక్కువగా ఉండేది. ఆ రాజ్యం పేరు మల్లెలదుర్గం. ఏలేవాడు రణధీరమల్ల మహారాజు. పేరులో రణం ఉన్నదే గాని, ఆయన పుట్టింది మొదలు ఆ రాజ్యానికి యుద్ధమన్నదే రాలేదు. యుద్ధం లేని వీరుడికి పొద్దు గడవడం మహా కష్టం. అందుకని ఆయన రథాలు తోలేవాడు.

ఆ ఏడు పడమటి దేశం నుంచి నాలుగు తెల్ల గుర్రాలు వచ్చాయి. వాటికి తగ్గట్టు ఇత్తడి పట్టాలు వేసిన చక్రాలతో కొత్త రథం చేయించుకున్నాడు. తెల్లవారగానే పగ్గాలు తానే పట్టి, కోటగుమ్మం నుంచి తూర్పు వాకిలి దాకా ఉన్న రాచబాట మీద దుమ్ము లేపుకుంటూ పోయి వచ్చేవాడు. ఆ సంబరంలో ఆయనకు ఒకటే కష్టం. బాట మీద మనుషులుండేవారు.

నీళ్ళ కడవలవాళ్ళు, గడ్డిమోపులవాళ్ళు, ముసలివాళ్ళు, మేకలు తోలుకొచ్చేవాళ్ళు. వాళ్ళ కోసం గుర్రాలను నిలవేయవలసి వచ్చేది. మహారాజుకు విసుగెత్తి మంత్రి మాచన ప్రెగ్గడను పిలిపించి ఒక శాసనం రాయించాడు. రాచబాట మీద చక్రానిదే ముందు. వెనుక నుంచి గాని, ఎదుటి నుంచి గాని చక్రం వస్తుంటే, కాలినడకవారు బాట దిగి, అది దాటిపోయేదాకా కదలకుండా నిలబడాలి. చక్రం మనిషి కోసం ఆగితే అదీ నేరమే. ఎవరు తప్పినా ఏడాది పాటు రాచబాట మీద అడుగు పెట్టరాదు.

పురోహితులకూ సైనికులకూ ఏదైనా మినహాయింపు ఉంటే బాగుంటుందేమోనని ప్రెగ్గడ నసిగాడు. మినహాయింపులు పిరికి రాజులకేనని మహారాజు కొట్టిపారేశాడు. కాలు నేల మీద పెట్టినవాడు ఎవడైనా సరే అని పెద్ద అక్షరాలతో చెక్కించి, బాట పొడవునా అయిదు చోట్ల రాళ్ళు పాతించాడు. వచ్చిన ప్రతి పరదేశికీ ఆ రాళ్ళను స్వయంగా చూపించేవాడు.

ఇక ఓబళయ్య సంగతి. అతనిది పరాకు చెప్పే కొలువు. మహారాజు ఊరేగింపుగా బయలుదేరితే అందరికంటే ముందు నడుస్తూ, బిరుదులు చదివి బహుపరాక్ చెప్పడం అతని పని. గొంతు పెద్దది, నాలుక పదునైనది. ఎదుటివాడి మీద పడినంతసేపూ ఆ పదును మహారాజుకు ఇష్టమే. తన మీద పడుతుందేమో అనిపించినప్పుడు మాత్రం తాంబూలం తెమ్మనేవాడు.

ఒకనాడు తెల్లవారుజామున మంత్రసాని నూకమ్మ సాలెవీధిలో ఒక కాన్పు ముగించి ఇంటికి పోతోంది. రాత్రంతా కన్ను మూయని మనిషి, అరవై దాటిన మనిషి. బాట సగం దాటేసరికి తెల్ల గుర్రాలు వచ్చిపడ్డాయి. ఆమె పక్కకు దూకింది గాని ఎడమ పాదం చక్రం కింద పడింది. మహారాజు వెనక్కి తిరిగి చూశాడు. చూసి, శాసనంలో ఆగకూడదని ఉంది గనుక ఆగలేదు.

మూడో రోజు తీర్పు వచ్చింది. పాదం నలిగింది నూకమ్మది, నేరమూ నూకమ్మదే. ఏడాది పాటు ఆమె రాచబాట తొక్కరాదు, ఒకరు మోసుకుపోయినా దాటరాదు.

పైపైన చూస్తే ఇది చిన్న శిక్షలాగే కనిపిస్తుంది. కాని నూకమ్మ ఇల్లు బాటకు దక్షిణాన ఉంది. సాలెవీధి, కుమ్మరివీధి, మేదరవాడ అన్నీ ఉత్తరాన ఉన్నాయి. బాట తొక్కకుండా అటు పోవాలంటే రెక్కలు కావాలి. ఉత్తరపు వీధుల్లో ఆ నెలలో నలుగురు నిండు చూలాళ్ళున్నారు. అందులో సాలెల కోడలు రంగమ్మకు బిడ్డ అడ్డం తిరిగి ఉందని నూకమ్మ చేత్తో తడిమి చెప్పి వారం కాలేదు. అడ్డం తిరిగిన బిడ్డను సరిచేసే చేతులు ఆ ఊళ్ళో రెండే ఉన్నాయి. ఆ రెండూ నూకమ్మవే.

ఈ తీర్పు విన్న రోజు ఓబళయ్యకు అన్నం సహించలేదు. అతని భార్య మూడో కాన్పులో బిడ్డ కాళ్ళతో వచ్చింది. రెండు రాత్రులు నూకమ్మ ఆ మంచం దగ్గర నుంచి లేవలేదు. తల్లినీ బిడ్డనూ దక్కించి, మూడోనాడు పొద్దున గంజి తాగి వెళ్ళిపోయింది.

మర్నాడు కొలువులో నూకమ్మను మన్నించమని వేడుకున్నాడు. మహారాజు ఆ రోజు మంచి ఉత్సాహంలో ఉన్నాడు. పొరుగున ఉన్న పూసలకోట ప్రభువు పిన్నమరాజు పొత్తు కుదుర్చుకోవడానికి అయిదు రోజుల్లో వస్తున్నాడు. అందుకని కోప్పడకుండా నవ్వుతూ తీసిపారేశాడు.

"ఓబళయ్యా, నా శాసనం వల్ల బాట నిమ్మళంగా ఉంది. దానివల్ల నాకు ఒక్క చిక్కైనా వచ్చిందని చూపించు, ఆ రాళ్ళన్నీ పీకించేస్తాను. పిన్నమరాజు వచ్చేలోగా చూపించలేకపోతే నీ కొలువు పోతుంది. ఆ ముసలిదాని పక్కనే కూర్చుని బాట కేసి చూస్తూ ఉందువు గాని."

ఓబళయ్య చేతులు కట్టుకున్నాడు. "నేను చూపించేదేముంది మహాప్రభూ. శాసనాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాను. అంతకు మించి ఏమీ చేయను."

దారికొచ్చాడనుకుని సభలో అందరూ తలలూపారు. మాచన ప్రెగ్గడ ఒక్కడే అనుమానంగా చూశాడు. ఓబళయ్య అంత వినయంగా మాట్లాడితే ఎవరికో మూడిందని ఆయనకు అనుభవం మీద తెలుసు.

ఆ సాయంత్రం ఓబళయ్య నూకమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె పాదానికి పసుపూ ఆముదపు ఆకూ కట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఓదార్చబోతే కసిరింది. పాదం గురించి ఎవడు ఏడవమన్నాడని అడిగింది. రంగమ్మకు నొప్పులు ఇవాళో రేపో అన్నట్టున్నాయి, తాను ఇక్కడ కూర్చుని గోళ్ళు గిల్లుకోవాలా అంది.

"అత్తా, అయిదు రోజులు ఓపిక పట్టు. పిన్నమరాజు వచ్చిన రోజున నువ్వు బాట దాటతావు."

"బిడ్డకు ఓపిక పట్టమని నువ్వు చెప్పి రా," అంది నూకమ్మ. తరువాత కాస్త తగ్గి, "సరే. ఆ రోజు తూర్పు వాకిలి దగ్గర, సాలెవీధికి ఎదురుగా బాట అంచున కూర్చుంటాను. నీ తమాషా ఏదో తొందరగా కానియ్యి. ఎక్కువసేపు కూర్చోబెట్టావంటే శాసనమూ లేదు, పాడూ లేదు, దాటేస్తాను," అంది.

దాటేస్తే ఆమెను ఊరి నుంచే వెళ్ళగొడతారని ఇద్దరికీ తెలుసు. ఓబళయ్య లేచాడు.

అక్కడి నుంచి తిన్నగా ఊరేగింపు జనం ఉండే వాడకు పోయాడు. వెల్లగొడుగు పట్టే పోలన్న, నగారాలవాళ్ళు, కొమ్ములూదేవాళ్ళు, వింజామరలవాళ్ళు అంతా కలిసి ఇరవై ఇద్దరు. ఓబళయ్య వాళ్ళను కూర్చోబెట్టి తను అనుకున్నది చెప్పాడు. అంతా విని పోలన్న, రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అన్నాడు.

"శాసనం పాటించినందుకు తల తీయించిన రాజు ఎక్కడైనా ఉన్నాడా?" అని ఓబళయ్య అడిగాడు.

ఉన్నాడని నగారా ముసలయ్య జవాబు చెప్పాడు. అయితే పట్టపగలు, చుట్టం చూస్తుండగా తీయించినవాడు మాత్రం లేడని కూడా ఆయనే చెప్పాడు. ఆ మాటకు అందరూ నవ్వారు. నవ్విన తరువాత భయం సగమైంది. మిగతా సగం నూకమ్మ పేరు చెప్పగానే పోయింది. ఆ ఇరవై ఇద్దరిలో చాలామందికి బొడ్డు కోసింది ఆమే.

అయిదో రోజు వచ్చింది. అది సంతరోజు కూడా. పొద్దు బారెడెక్కే వేళకు మహారాజు తూర్పు వాకిలి దగ్గర పిన్నమరాజుకు ఎదురుకోలు చేయాలని జోస్యులు ముహూర్తం పెట్టారు. ఏర్పాట్లు చూడటానికి ముందురోజే వచ్చిన పూసలకోట రాయబారి రథం పక్కనే నిలబడి ఉన్నాడు. మహారాజు అతనికి అప్పటికే రెండుసార్లు శాసనం రాయి చూపించి, మినహాయింపు లేని పాలన ఎలా ఉంటుందో వివరించాడు.

సరిగ్గా ఆ వేళకే సాలెవీధి నుంచి ఓబళయ్యకు కబురు అందింది. రంగమ్మకు తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయి. అతను కబురు విని, తలపాగా బిగించి, తన చోట నిలబడ్డాడు. ఇక వెనక్కి తగ్గేది లేదు.

నగారాలు మోగాయి. కొమ్ములు పలికాయి. ఓబళయ్య బిరుదులన్నీ ఏకరువు పెట్టి, బహుపరాక్ చెప్పి, రాచబాట మీద అడుగు వేశాడు. అతని వెనుక గొడుగు, గొడుగు వెనుక జనం, ఆ వెనుక రథం కదిలాయి. ఇత్తడి చక్రం కిర్రుమంది. ఓబళయ్య వెనక్కి తిరిగి చూశాడు. చూసి, అదిరిపడినవాడిలా బాట దిగి, చేతులు కట్టుకుని ఓరగా నిలబడ్డాడు. గొడుగు పోలన్న అటు దిగాడు. వింజామరలు ఇటు దిగాయి. నగారాలూ కొమ్ములూ బాట అంచుల్లో సర్దుకున్నాయి. మధ్యలో ఖాళీ బాట, దాని మీద ఒంటరిగా రథం మిగిలాయి.

సారథి గుర్రాలను నిలిపేశాడు. ఎందుకు ఆపావని మహారాజు గద్దించాడు. గొడుగు కదలడం లేదని సారథి చెప్పాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ వంశంలో ఊరేగింపు నాడు రాజు తన వెల్లగొడుగును దాటి ముందుకు పోకూడదు. మహారాజు ముత్తాత ఒకసారి వానకు తొందరపడి గొడుగును దాటి రథం తోలించాడట. ఆ నెలలోనే ఒక కోట చేజారిందట. అప్పటి నుంచి గొడుగు దాటినవాడు గద్దె దాటినట్టేనని ఆ ఇంట్లో ఉగ్గుపాలతో నేర్పుతారు. పొద్దున్నే ఒంటరిగా తోలుకునే షికార్లకు ఆ పట్టింపు లేదు గాని, ఊరేగింపుకు ఉంది.

"ఏమిటీ వేషం, ఓబళయ్యా?" అన్నాడు మహారాజు.

"వేషం కాదు ప్రభూ, శాసనం. వెనుక చక్రం వస్తోంది. మేమందరం కాలినడకవాళ్ళం. అది దాటిపోయేదాకా కదలరాదు."

"అది నా రథం."

"అవును ప్రభూ. అయినా చక్రమే కదా."

మహారాజు గొడుగు కేసి చూశాడు. గొడుగు బాట పక్కన నిమ్మళంగా నిలబడి ఉంది. రథం దాటితే తప్ప అది కదలదు. అది కదిలితే తప్ప రథం దాటదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. బాటకు రెండు పక్కలా చేరిన జనం పైట చెంగులూ ఉత్తరీయాలూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మాచన ప్రెగ్గడ ముందుకొచ్చి ఉపాయం చెప్పాడు. రథం ఆగింది గొడుగు కోసమే గాని మనిషి కోసం కాదు, ఆగి ఉన్న చక్రం వస్తున్నట్టూ కాదు గనుక, రథం ఆగి ఉండగా ఊరేగింపు జనం నడవవచ్చు. ఓబళయ్య సంతోషంగా ఒప్పుకున్నాడు. రథం ఆగి ఉంది, జనం ముప్ఫై అడుగులు నడిచారు. రథం కదిలింది, జనం బాట దిగి నిలబడ్డారు. గొడుగు దాకా వచ్చి రథం ఆగింది, జనం మళ్ళీ ఎక్కి నడిచారు. ఇలా నాలుగు సార్లు అయ్యేసరికి తెల్ల గుర్రాలకు తిక్క పుట్టింది. కొమ్ములవాళ్ళకు ఎప్పుడు ఊదాలో, ఎప్పుడు మానాలో తెలియక అపశ్రుతులు పలికాయి. ఆ లెక్కన తూర్పు వాకిలికి మాపటికి చేరతారు. పొద్దు చూస్తే అప్పటికే మూరెడెక్కింది.

ఇవాళ్టికి శాసనాన్ని పక్కన పెడదామని ప్రెగ్గడ మహారాజు చెవిలో చెప్పాడు. మహారాజు ఆ మాటకు తలూపబోయి, పక్కనున్న రాయబారిని చూశాడు. రాయబారి చాలా మర్యాదగా శాసనం రాయి కేసి చూస్తున్నాడు. మహారాజు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన అహంకారి గాని, మాట తప్పేవాడు కాదు. ఆ ఒక్క గుణం మీదే ఓబళయ్య తన కొలువునూ, నూకమ్మ బతుకునూ పందెం కాశాడు.

మహారాజు ఒక్క ఉదుటున రథం దిగాడు. "చక్రమే లేకపోతే నీ శాసనం ఏం చేస్తుందో చూస్తాను. పదండి, నేనే నడుస్తాను."

గొడుగు ఆయన మీదికి వచ్చింది. రథాన్ని అక్కడే వదిలేశారు. ఊరేగింపు చకచకా సాగింది. కొంత దూరం నడిచేసరికి మహారాజుకు హుషారు కూడా వచ్చింది. ఎవరిది పైచెయ్యో చూశావా అన్నట్టు ఓబళయ్య వీపు కేసి చూశాడు.

అప్పుడు ఎదురుగా ఉల్లిపాయల బండి వచ్చింది.

బండివాడు గొడుగును చూశాడు, గొడుగు కింద ఎవరున్నారో చూశాడు. పగ్గం మీద చెయ్యి వేశాడు. కాని పక్కనే శాసనం రాయి ఉంది. చక్రం మనిషి కోసం ఆగితే నేరం. వాడు దండం పెడుతూ, క్షమించమని గొణుగుతూ, ఎద్దులను అదిలించాడు. ఓబళయ్య బాట దిగాడు. ఇరవై ఇద్దరూ దిగారు. మహారాజు ఒక్కడే బాట నడుమ నిలబడి, దగ్గర పడుతున్న ఎద్దులను చూసి, పళ్ళు కొరుకుతూ తనూ దిగాడు.

అది అద్దకంవాళ్ళ వీధి మొదలు. నీలిమందు తొట్టెలు కడిగిన నీళ్ళన్నీ బాట పక్క కాలువలోకే వస్తాయి. మహారాజు దిగింది ఆ కాలువలోకి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గాని, నీలిమందు తొక్కినవాడికి కడిగే అవకాశం కూడా ఉండదు. ముత్యాల చెప్పులు, పట్టు అంచు, పిక్కలు అన్నీ నీలమైపోయాయి.

సంతరోజు కదా, ఉల్లిపాయల బండి వెనుక కుండల బండి, దాని వెనుక చింతపండు బండి, తరువాత కట్టెల బండ్లు నాలుగు వచ్చాయి. అవి దాటేదాకా మహారాజు కాలువలో నిలబడ్డాడు. బాట ఎక్కి పది అడుగులు వేశాడో లేదో మళ్ళీ దిగాడు. ఈ బండ్లను ఓబళయ్య ఏర్పాటు చేయలేదు. ప్రతి సంతకూ వచ్చేవే వచ్చాయి. కడవలు ఎత్తుకున్న ఆడవాళ్ళు, మోపులు ఎత్తుకున్న కూలీలు ఆయన పక్కనే దిగి, ఆయనతో పాటే ఎక్కారు. ఒక ముసలాయన ఎవరి పక్కన నిలబడ్డాడో గమనించకుండా, ఎడమకాలు గట్టున పెట్టుకో నాయనా, జారదు అని చెప్పాడు.

చివరిది సున్నం బండి. దాని ఎడమ ఎద్దు కాస్త బెదురుది. గొడుగు అంచు కదలగానే పక్కకు లాగింది. రాతి బరువున్న చక్రం బాట అంచుకు వచ్చి, మహారాజు చెవి పక్కగా, అరచేతి దూరంలో దొర్లుకుంటూ పోయింది. కాలువలో నిలబడ్డవాడికి చక్రం భుజాల ఎత్తుకు ఉంటుంది. దాని గాలి ఆయన చెంపకు తగిలింది. ఓబళయ్య చటుక్కున ఆయన మోచెయ్యి పట్టి వెనక్కి లాగాడు. రాజును తాకడం నేరం. అప్పుడా సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

రథం మీద నుంచి చూసినప్పుడు మహారాజుకు మనుషులు అడ్డంగా కనిపించేవారు. కింద నుంచి చూస్తే చక్రం ఎంత పెద్దదో ఆయనకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తెలిసింది. ఆయనకు భయం వేసింది. తనకు భయం వేసినందుకు సిగ్గు కూడా వేసింది.

తూర్పు వాకిలి కనుచూపు మేరకు వచ్చేసరికి ముహూర్తం దాటిపోయింది. ఎంతసేపు చూసినా ఎవరూ రాకపోయేసరికి పిన్నమరాజు తనే రథం లోపలికి తోలించాడు. అంటే మళ్ళీ చక్రం వచ్చింది. ఇరవై ఇద్దరూ దిగారు. ఓబళయ్య దిగాడు. ఇల్లుగల రాజు చుట్టానికి ఎదురుకోలు చేయడానికి వచ్చి, మోకాళ్ళ దాకా నీలి నీళ్ళలో నిలబడి, చుట్టం రథం దాటిపోవడం కోసం ఎదురు చూశాడు.

పిన్నమరాజు కాలువలో లేచిన వెల్లగొడుగును చూసి, తన సారథి భుజం తట్టాడు. రథం ఆగింది. ఆయన దిగి కాలువ గట్టు దాకా వచ్చి, మహారాజును కింది నుంచి పైదాకా చూశాడు.

"మల్లభూపా, మీ ఊళ్ళో ఎదురుకోలు ఇలాగే చేస్తారా?"

మహారాజు నోరు తెరిచేలోగా ఓబళయ్య ముందుకొచ్చి వంగి దండం పెట్టాడు. జరిగిందంతా పొల్లుపోకుండా చెప్పాడు. చెప్పి, చివరకు ఇలా అన్నాడు.

"ప్రభువులు మన్నించాలి. తమరు ఇప్పుడు మా మహారాజు కోసం రథం ఆపారు. మా శాసనం ప్రకారం అది నేరం. ఏడాది దాకా తమరు ఈ బాట మీద అడుగు పెట్టరాదు. మినహాయింపులు లేవు."

పొత్తు కోసం వచ్చిన రాజును వాకిట్లో నుంచే వెళ్ళగొట్టాలి. లేదా శాసనాన్ని తీసెయ్యాలి. మధ్యేమార్గం అంటూ ఏమీ లేదు. మాచన ప్రెగ్గడ కళ్ళు మూసుకున్నాడు. ఓబళయ్య తల వంచలేదు. బాట అవతలి అంచున కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్న నూకమ్మ అతనికి కనబడుతోంది. ఆమెకు ఎదురుగా, ఇవతల, సాలెవీధి మొగలో రంగమ్మ మామ చేతులు నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు.

పిన్నమరాజుకు మాత్రం కోపం రాలేదు. "మా ఊళ్ళో ఏనుగు వీధిలోకి వస్తే దాని మెడకు గంట కడతాం," అన్నాడు. "మనుషుల మెడకు కట్టం. ఏనుగుకు మనుషులు తగిలితే ఏనుగుకేం కాదు కదా."

మహారాజు తన కాళ్ళ కేసి చూసుకున్నాడు. నీలపు పిక్కలు చూశాడు, నీలపు చెప్పులు చూశాడు, తన పక్కనే అదే కాలువలో, అదే నీలంలో నిలబడ్డ గడ్డిమోపు ఆడమనిషిని చూశాడు. ముందు ఆయన మీసం అదిరింది. తరువాత భుజాలు అదిరాయి. ఆ తరువాత ఆయన నవ్విన నవ్వుకు తెల్లగొడుగు పట్టిన పోలన్న కూడా ఊగిపోయాడు.

"ఓబళయ్యా, నాకు చూపించేదేమీ లేదన్నావు."

"నేనేమీ చూపించలేదు ప్రభూ. పాటించాను. చూపించింది శాసనమే."

మహారాజు ఆ కాలువలో నిలబడే కొత్త శాసనం చెప్పాడు. ప్రెగ్గడ గంటం తీసి అక్కడే తాటాకు మీద గీశాడు. ఎదుటివాడికి హాని చేయగలిగినవాడే ఆగాలి. రథం బండికి ఆగాలి, బండి గుర్రానికి ఆగాలి, అన్నీ కాలినడకవాడికి ఆగాలి. మినహాయింపుల సంగతి ఏమిటని ప్రెగ్గడ అలవాటు కొద్దీ అడిగాడు. లేవు అన్నాడు మహారాజు, ఈసారి కాస్త నెమ్మదిగా. తరువాత ముంజేతి కంకణం తీసి ఓబళయ్య చేతికి తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"నూకమ్మ బాట దాటాలి ప్రభూ. ఇప్పుడే దాటాలి. సాలెవీధిలో తెల్లవారుజాము నుంచి ఒక ఆడకూతురు నొప్పులు పడుతోంది."

మహారాజు గబగబా గట్టెక్కి, బాట మధ్యకు వచ్చి, చెయ్యెత్తి తనే కేక పెట్టాడు. ఇటు పిన్నమరాజు రథం, అటు సంత నుంచి తిరిగి పోయే బండ్లు, వెనుక సారథి మెల్లగా నడిపించుకొచ్చిన తెల్ల గుర్రాల రథం అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రథం మీద ఎక్కించి దించమని మహారాజు అంటే నూకమ్మ ఒప్పుకోలేదు. ఆమె కర్ర పట్టుకుని లేచి, నలిగిన పాదం ఈడ్చుకుంటూ బాట మీదికి వచ్చింది.

కుంటి నడక. అడుగుకూ అడుగుకూ మధ్య ఒక తాంబూలం నమిలేంత సేపు పడుతోంది. ఇద్దరు రాజులు, నలభై బండ్లు, ఆరు గుర్రాలు నిలబడి చూస్తున్నాయి. గుర్రాలు కాళ్ళు గీరాయి. మహారాజు కూడా అలవాటు చొప్పున ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు.

అది నూకమ్మ కంట పడింది. ఆమె నడి బాటలో ఆగి, ఆయన వైపు తిరిగింది.

"తొందరగా ఉందా నాయనా? నువ్వు పుట్టేటప్పుడు మీ అమ్మగారి మంచం పక్కన నేను రెండు పగళ్ళూ రెండు రాత్రులూ నిలబడ్డాను. ఒక్కసారైనా తొందరపెట్టానా?"

మహారాజు కదలకుండా నిలబడ్డాడు. నూకమ్మ బాట దాటి, సాలెవీధి మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.